నీటిచుక్క ఫొటోలు తీసే ముందు ఎక్స్‌టెన్షన్ బోర్డు ఎక్కడుందో చూడండి

పోయిన ఆదివారం కావలిలో మాకు తెలిసినవాళ్ల అబ్బాయికి కరెంటు షాక్ కొట్టింది. డిగ్రీ చదువుతున్నాడు. ముసురు పట్టి బయటికి పోయే వీల్లేక, రంగునీళ్లలో చుక్క పడి కిరీటంలా లేస్తుందే, ఆ ఫొటోలు ఇంట్లోనే తీస్తున్నాడు. ట్రే టీపాయ్ మీద ఉంది. ఫ్లాష్ సెల్స్ అయిపోవస్తున్నాయని, చార్జర్ పెట్టుకోడానికి ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చి టీపాయ్ కింద పెట్టాడు. నీళ్లు ట్రే అంచు దాటి, చార్జర్ వైరు వెంట జారి, నేరుగా బోర్డులోకి దిగాయి. బోర్డు చిటపటమనేసరికి ఒట్టి కాళ్లతో, తడి చేత్తో దాన్ని పక్కకు లాగబోయాడు. వాళ్లమ్మ పరుగున పోయి మెయిన్ ఆపింది. అయినా కరెంటు ఆగలేదు. ఆ ప్లగ్గు ఇన్వర్టర్ లైన్ మీద ఉంది. పక్కింటాయన ప్లాస్టిక్ కుర్చీతో నెట్టి విడిపించాడు. పిల్లవాడు బతికాడు గానీ కుడిచేతి వేళ్లు రెండు కాలిపోయాయి.

నెల్లూరులో స్టూడియో నడుపుతూ ఇలాంటివి నేను చూడటం ఇది మూడోసారి. మూడుసార్లూ తప్పు ఒకటే: బోర్డు కింద, నీళ్లు దానిపైన.

మన జిల్లాల్లో వానలు ముదిరేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంట్లో స్విచ్ బోర్డు వెనక గోడ కూడా చెమ్మగిల్లింది. అలాంటి రోజుల్లోనే పిల్లలు ఇంట్లో కూర్చుని ఈ ఫొటోలు మొదలుపెడతారు. నేల తడి, గోడ తడి, చేతులు తడి, పైగా గది చీకటి. కెమెరాకు కవర్ వేసుకోండి, లెన్స్ తుడుచుకోండి అని నేను చెప్పక్కర్లేదు, అవి మీకు తెలుసు.

అసలు ఈ పనికి గోడ కరెంటుతో అవసరమే లేదు. చుక్క గాల్లో ఆగినట్టు కనిపించేది షట్టర్ వల్ల కాదు, ఫ్లాష్ వెలిగి ఆరే వ్యవధి వల్ల. కెమెరా నెత్తిన బిగించే మామూలు హాట్‌షూ ఫ్లాష్ ఫుల్ పవర్‌లో సుమారు 1/1000 సెకను వెలుగుతుంది. పవర్ అందులో 1/32 వంతుకో 1/64 వంతుకో తగ్గిస్తే ఆ వెలుగు 1/10000 సెకను కంటే తక్కువలోనే ఆరిపోతుంది. అంటే చుక్క గడ్డకట్టినట్టు రావాలంటే పవర్ తగ్గించాలి, పెంచకూడదు. తగ్గించిన వెలుగుకు సరిపోయేలా ఫ్లాష్‌ను దగ్గరికి జరుపుకోండి, ఐఎస్ఓ, అంటే వెలుగును పట్టే సున్నితం, కెమెరాలో కాస్త పెంచుకోండి. తక్కువ పవర్‌లో నాలుగు పెన్సిల్ సెల్స్ చాలాసేపు వస్తాయి. రెండు సెట్లు ముందురోజు రాత్రే చార్జ్ చేసి పక్కన పెట్టుకుంటే చార్జర్ ఆ గదిలోకి రావాల్సిన పనేముంది?

పెళ్లి ఫొటోలు తీసే అన్నల ఇళ్లలో స్టూడియో లైట్లు ఉంటాయి, వాటిని వాడదామనిపిస్తుంది. వద్దు. అవి 230 వోల్టుల మీద నడిచేవి. పైగా వాటిలో చాలావాటి మెరుపు నిడివి ఎక్కువ కాబట్టి చుక్క తోకలా సాగి వస్తుంది. ప్రమాదానికి ప్రమాదం, ఫొటో కూడా చెడుతుంది.

ఫోకస్ కోసం లైటు కావాలంటే చార్జింగ్ టార్చ్ చాలు. చుక్క పడేచోట పెన్సిల్ నిలబెట్టి, దానిమీద మాన్యువల్‌గా ఫోకస్ చేసి, పెన్సిల్ తీసేయండి. చుక్కలకు మెడికల్ షాపులో దొరికే సెలైన్ సెట్టు హాయిగా ఉంటుంది. చక్రం తిప్పితే చుక్క చుక్కగా పడుతుంది. కాకపోతే దాన్ని మరిచిపోయి లేస్తే పడుతూనే ఉంటుంది. కావలిలో ట్రే నిండి పొర్లింది అందుకే.

ఫ్లాష్ తడిసిందా? ముందు సెల్స్ తీసేయండి. ఆన్ చేసి చూడొద్దు. విప్పొద్దు. లోపలి కెపాసిటర్‌లో సుమారు 300 వోల్టులు నిలవుంటాయి, సెల్స్ తీసేశాక కూడా. యూట్యూబ్ చూసి స్క్రూడ్రైవర్ పెట్టిన కుర్రాణ్ణి నేను చూశాను. చెయ్యి విదిలించుకుని వెనక్కి పడ్డాడు, తల గోడకు తగిలింది. రిపేరు తెలిసినవాళ్లకు ఇవ్వండి. పాతదైతే పారేయండి.

ఇంట్లో ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్, ఉంది కదా అని ధైర్యం పడొద్దు. అది వైర్లు కాలకుండా కాపాడేది, మనిషిని కాదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే స్విచ్. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా లేకపోతే అది వెంటనే కరెంటు ఆపేస్తుంది. దానిమీద టెస్ట్ బటన్ ఉంటుంది, నొక్కి చూడండి. ఇన్వర్టర్ లైన్‌కు కూడా దాని రక్షణ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. చాలామంది అడగనే అడగరు.

ఏదో ఒక కారణంతో కరెంటు తప్పదనుకుంటే, బోర్డు ట్రే కంటే ఎత్తులో, వేరే మూల, ఎండు బల్ల మీద ఉండాలి. వైరు బోర్డు దాకా సాఫీగా వాలకూడదు, మధ్యలో కిందికి వంగి మళ్లీ పైకెక్కాలి. అప్పుడు జారిన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. మళ్లీ చెబుతున్నా, టీపాయ్ కింద బోర్డు పెట్టొద్దు. అయిదు నిమిషాలకైనా పెట్టొద్దు.

ఇక మిగతావి:

మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల సాకెట్‌లో దూర్చొద్దు.

చెప్పులు వేసుకోండి. రబ్బరువి, ఎండినవి.

ట్రే కింద ఇంకో పెద్ద ట్రే పెట్టండి, పాత తువ్వాలు పరచండి.

బోరు నీళ్లలో ఉప్పెక్కువ, అవి కరెంటును ఇంకా బాగా పంపుతాయి. అలాగని ఆర్వో నీళ్లయితే ఫరవాలేదనుకోవద్దు, రంగు కలిశాక అవీ అంతే.

తడి చేత్తో స్విచ్ ముట్టొద్దు. చీర కొంగుకు తుడుచుకున్నాం కదా అని ఆ చెమ్మ చేత్తోనూ ముట్టొద్దు.

తిండిలో వాడే రంగులే కలపండి. హోలీ పొడులు వద్దు. గ్లిజరిన్ కలిపిన ఎర్రనీళ్లు పసివాళ్లకు షర్బత్‌లా కనిపిస్తాయి. సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టొద్దు, పని కాగానే పారబోయండి.

పసిపిల్లల ముఖానికి దగ్గర ఫ్లాష్ కొట్టొద్దు. మూర్ఛ ఉన్నవాళ్లను ఆ గదిలో కూర్చోబెట్టొద్దు.

ఫ్లాష్‌కు పాలిథిన్ కవర్ కట్టి గంటలకొద్దీ కొట్టొద్దు, వేడెక్కుతుంది. ముప్పై ఫొటోలకోసారి ఆపండి.

ఒంటరిగా చేయొద్దు. మెయిన్ ఎక్కడుందో, ఇన్వర్టర్ స్విచ్ ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చూపించాకే మొదలుపెట్టండి. రెండూ చూపించండి.

ఎవరికైనా షాక్ కొడితే ముట్టుకోవద్దు. ముందు మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపండి. ఆపే వీలు లేకపోతే ఎండు కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో నెట్టండి, మీ కాళ్ల కింద తడి లేకుండా చూసుకుని. 108కి ఫోన్ చేయండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి, అంబులెన్సు వచ్చేదాకా ఆపొద్దు. మనిషి లేచి బాగానే ఉన్నాననినా ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి.