ఊపిరితిత్తుల్లో రక్తానికి దొడ్డిదారి: పల్మనరీ ఏవీఎం మూయించుకోవడం ఎలా

ఊపిరితిత్తిలో ధమని, సిర నేరుగా కలిసిపోతే పల్మనరీ ఏవీఎం అంటారు. మధ్యలో ఉండాల్సిన కేశనాళికలు అక్కడ ఉండవు. అవి ఆక్సిజన్ ఎక్కించడంతో పాటు రక్తంలో కొట్టుకొచ్చే చిన్న గడ్డల్ని, క్రిముల్ని జల్లెడలా ఆపుతాయి. జల్లెడ లేకపోతే అవి నేరుగా మెదడుకు చేరొచ్చు. ఆయాసం లేదు కదా అని వదిలేయకూడనిది ఇందుకే: అసలు ముప్పు పక్షవాతం, మెదడులో చీముగడ్డ.

మొదట బబుల్ ఎకో, అంటే బుడగలతో చేసే గుండె స్కాన్. గిలక్కొట్టిన సెలైన్‌ను చేతి సిరలోకి ఎక్కిస్తారు. బుడగలు గుండె కుడివైపు కనిపించి, మూడు నాలుగు స్పందనల తర్వాత ఎడమవైపు తేలితే అనుమానం ఊపిరితిత్తుల మీదికి పోతుంది. ఆ తర్వాత ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్కలతో సీటీ. చాలాసార్లు కాంట్రాస్ట్ (సిరలోకి ఎక్కించే రంగు మందు) అక్కర్లేదు. రిపోర్టులో రక్తం తెచ్చే ధమని వెడల్పు రాశారో లేదో చూడండి. సాధారణంగా 2-3 మిల్లీమీటర్లు దాటితే మూసేస్తారు.

నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి చికిత్సకు చెన్నై వెళ్లేవాళ్లు ఫిల్ములతో సరిపెట్టకుండా సీటీ సీడీ కూడా పట్టుకెళ్లాలి. మూయడం ఇంటర్వెన్షనల్ రేడియాలజీ వాళ్ల (స్కాన్‌లో చూస్తూ రక్తనాళాల్లోంచి చికిత్స చేసేవాళ్ల) పని. ఇలాంటివి ఎన్ని మూశారో మొహమాటపడకుండా అడగండి. ఇంట్లో తరచూ ముక్కు నుంచి రక్తం కారేవాళ్లుంటే అదీ చెప్పాలి. ఈ జబ్బు ఎక్కువ మందిలో హెచ్‌హెచ్‌టీ అనే వంశపారంపర్య రక్తనాళాల లోపం (ముక్కు నుంచి రక్తం దాని గుర్తే) వల్లే వస్తుంది, కాబట్టి తోబుట్టువులకూ పిల్లలకూ పరీక్ష కావాలి.

చికిత్సలో తొడ దగ్గరి సిర గుచ్చి, గుండె కుడివైపు మీదుగా క్యాథెటర్ అనే సన్నటి గొట్టాన్ని ఊపిరితిత్తి ధమనిలోకి పంపుతారు. గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. కాయిల్స్‌తో (సన్నటి లోహపు చుట్టలతో) గానీ ప్లగ్‌తో (బిరడా లాంటిదానితో) గానీ దారి మూస్తారు. కొలత తప్పితే అసలు చిక్కు. ప్లగ్ ధమని కంటే 30-50 శాతం పెద్దది కావాలి. 6 మిల్లీమీటర్ల ధమనికి 8 మిల్లీమీటర్లది. చిన్నదైతే జారి ఎడమ గుండెలోకి పోవచ్చు, మరీ పెద్దదైతే సాగిపోయి సరిగ్గా మూయదు. తిత్తికి (ధమని, సిర కలిసేచోట ఉబ్బిన సంచికి) దగ్గరగా, సెంటీమీటరు లోపల పెట్టాలి. దూరంగా పెడితే పక్క కొమ్మలు మళ్లీ రక్తం తెస్తాయి. ట్యూబులో చిన్న గాలిబుడగ మిగిలినా గుండె ధమనిలో చేరి కాసేపు ఛాతీనొప్పి రావచ్చు, నాడి మందగించవచ్చు. అందుకే వైర్లను సెలైన్ నీటి అడుగునే మారుస్తారు.

రెండు మూడు రోజులకు ఊపిరి పీల్చినప్పుడు పొడిచినట్టు నొప్పి రావచ్చు, మందులతో తగ్గుతుంది. కఫంలో రక్తం, ఆయాసం, ఎక్కువ జ్వరం ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

మూసిన దారి తెరుచుకోవడం అరుదేమీ కాదు. 6-12 నెలల్లో సీటీ, ఆ తర్వాత మూడు నుంచి ఐదేళ్లకోసారి. తిత్తి కుంచించుకుపోతే పని సరిగ్గా జరిగినట్టే.

మూసేశాక కూడా కంటికి ఆనని చిన్న కలయికలు మిగులుతాయి కాబట్టి కొన్ని జాగ్రత్తలు జీవితాంతం తప్పవు. పన్ను పీకించుకునే ముందు, చిగుళ్లు శుభ్రం చేయించుకునే ముందు యాంటీబయోటిక్ వేసుకోవాలి; పెన్సిలిన్ పడదంటే దంతవైద్యుడికి ముందే చెప్పాలి. సెలైన్ ఎక్కించేటప్పుడు లైనులో గాలి లేకుండా చూడమని నర్సును అడగాలి. పుదుచ్చేరిలో స్కూబా సరదా వద్దు. ఇనుము తగ్గితే పక్షవాతం ముప్పు పెరుగుతుంది కాబట్టి ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే రక్తపరీక్ష) చూపించుకోవాలి. గర్భం ఆలోచన ఉన్నవాళ్లు ముందే మూయించుకోవడం మేలు: నెలలు నిండేకొద్దీ తిత్తి పెరిగి, పగిలి, ఛాతీలో రక్తస్రావం కావచ్చు.