చారిత్రక నవల మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

- కథ ఏ ఏళ్లలో జరుగుతుందో ముందే ఖాయం చేసుకోండి. "పూర్వకాలం" అంటే కుదరదు.

- వస్తువుల దగ్గరే ఎక్కువగా పొరపాట్లు దొర్లుతాయి. గీస్తే వెలిగే అగ్గిపుల్లలు అమ్మకానికి వచ్చింది 1827లో. అంతకుముందు మీ నాయిక దీపం ఎలా వెలిగించింది? మిరపకాయ, టమాటా, బంగాళాదుంప 1492కి ముందు అమెరికా ఖండాలు దాటలేదు. వంటింటి సీను రాసేటప్పుడు ఇది మరీ ముఖ్యం.

- తేదీలు సరిచూడండి. పాత క్యాలెండర్ వదిలి ఇప్పటి క్యాలెండర్‌కి మారడంతో 1582లో స్పెయిన్‌లో అక్టోబర్ 4 మర్నాడు అక్టోబర్ 15. బ్రిటన్ 1752 దాకా మారలేదు.

- ఆస్థాన చరిత్రలతోనే ఆగొద్దు. ఉత్తరాలు, పన్ను లెక్కలు, కోర్టు కాగితాలు కూడా చదవండి. మామూలు మనుషులు అక్కడే కనిపిస్తారు.

- ఆధారం ఏది, మీ ఊహ ఏది అన్నది నోట్సులో విడిగా రాసుకోండి. ఆర్నెల్లు పోతే మీకే గుర్తుండదు, నిజంగా.

- పరిశోధన ఆపే తేదీ కూడా పెట్టుకోండి.