ఉంగరాల జుట్టు పాఠాలు – 3: తలస్నానం

ముందు రెండు పాఠాలు చదవకుండా నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్ళకి ఒక మాట, మొదటిదాంట్లో మన జుట్టు ఏ రకం రింగో చూసుకున్నాం, రెండోదాంట్లో సీసా వెనకాల చిన్నక్షరాలు చదవడం నేర్చుకున్నాం. అవి చదవకపోయినా ఇది అర్థమవుద్ది గానీ షాంపూ కొనేటప్పుడు మళ్ళీ వెనక్కి వెళ్ళాల్సొస్తది. ఈ పాఠం మొత్తం తల తడిపిన దగ్గర్నుంచి టవల్ అందుకునేదాకా. జెల్లు, ఆరబెట్టుకోవడం, రాత్రి పడుకునేటప్పుడు జాగ్రత్తలు, అవన్నీ తర్వాత.

ముందు ఒక్క విషయం బుర్రలోకి ఎక్కించుకోండి. మాడులో నూనె ఊరడం అందరికీ ఉంటది, ఉంగరాల జుట్టోళ్ళకి దేవుడేం తక్కువ చెయ్యలేదు. తిన్నగా ఉన్న వెంట్రుక మీద ఆ నూనె జారుకుంటూ కొసదాకా పోద్ది, మన వెంట్రుకేమో కుదురులోంచే వంపు తిరిగి వస్తది, ప్రతి మెలిక దగ్గరా నూనె నడక ఆగుతూ ఉంటది, కొసదాకా చేరేది అంతంత మాత్రమే. అందుకే మాడు జిడ్డుగా, కొసలు పీచుగా ఉంటాయి, ఒకే తలలో రెండు రకాల జుట్టు ఉన్నట్టు. కాబట్టి షాంపూ పని మాడు దగ్గర, కండిషనర్ పని పొడుగునా, కొసల దగ్గర ఇంకాస్త ఎక్కువ. మన ఇళ్ళల్లో జరిగేది దీనికి పూర్తిగా ఉల్టా, జుట్టంతా నడినెత్తి మీదికి పోగుచేసి షాంపూ పోసి బండ మీద బట్టలు ఉతికినట్టు రుద్దేస్తారు, ఆ తర్వాత దువ్వెన దిగట్లేదని ఏడుస్తారు.

ఇక నీళ్ళు. దీని గురించి యూట్యూబ్‌లో ఏ అమెరికా అమ్మాయీ మనకి చెప్పదు, ఎందుకంటే వాళ్ళకి మన బోరు తెలీదు. విజయవాడలో మున్సిపల్ పంపు ఉంటే కృష్ణ నీళ్ళొస్తాయి, ఫర్వాలేదు, నురగ బాగానే వస్తది. ఊరి చివర కాలనీలు, కొత్త అపార్ట్‌మెంట్లు అయితే వాడకానికి చాలాచోట్ల బోరు నీళ్ళే, గుంటూరు వైపు కొన్ని వీధుల్లో అవి నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉంటాయి. మీ నీళ్ళు ఎలాంటివో తెలుసుకోడానికి ల్యాబ్‌కి పంపక్కర్లేదు, బకెట్లో పెట్టే హీటర్ రాడ్డు ఒకసారి తీసి చూడండి, దాని మీద తెల్లగా సున్నంలా పెచ్చు కట్టి గోరుతో గీరితే రాలుతోందంటే అదే కాల్షియం, మెగ్నీషియం, మీ జుట్టు మీద కూడా కొద్దికొద్దిగా పేరుకునేది అదే. తాగే నీళ్ళకైతే ఐఎస్ 10500 అని ఒక ప్రమాణం ఉంది, దాని ప్రకారం కఠినత్వం, అంటే ఈ కాల్షియం, మెగ్నీషియం లెక్క, లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. వాడకం బోరుని ఎవరు కొలుస్తారు చెప్పండి. ప్యూరిఫయర్ అమ్మడానికొచ్చినవాళ్ళు చూపించే టీడీఎస్ అంకె వేరు, అది నీళ్ళలో కరిగినవన్నీ కలిపిన లెక్క, దాంట్లో మామూలు ఉప్పు కూడా కలిసి ఉంటది, అది చూసి కంగారుపడకండి.

బోరు నీళ్ళు తప్పనివాళ్ళు ఇలా చెయ్యండి, స్నానమంతా ఆ నీళ్ళతోనే కానిచ్చి ఆఖరి రెండు మూడు చెంబులు మాత్రం పంపు నీళ్ళో, ఇంటికి వేయించుకునే 20 లీటర్ల క్యాన్ నీళ్ళో వాడండి. నెలకో రెండు నెలలకో ఒకసారి లీటరు నీళ్ళలో ఒక పెద్ద చెంచా వెనిగరో, వడకట్టిన నిమ్మరసమో కలిపి షాంపూ అయ్యాక తల మీద పోసుకుని ఒక నిమిషం ఆగి కడిగేసుకుంటే ఆ గరుకు కొంత దిగుద్ది. నిమ్మకాయ చెక్క పెట్టి నేరుగా మాడు మీద రుద్దమని ఎవరన్నా చెప్తే వినకండి, మంట. ఒంటి సబ్బుతో తల రుద్దుకునే అలవాటు ఉంటే అది ఇవాళే మానేయండి, సబ్బుకీ ఇలాంటి బోరు నీళ్ళకీ అస్సలు పడదు, తెల్లటి తెట్టు కట్టి జుట్టుకి అంటుకుపోద్ది, పైగా మామూలు సబ్బు పీహెచ్, అంటే పులుపు–క్షారం కొలత, 9 నుంచి 10 దాకా ఉంటది, మాడుకి నప్పేది 5.5 దగ్గర, అంత తేడాకి వెంట్రుక మీది పొలుసులు లేచి నిలబడతాయి, లేచిన పొలుసులు ఒకదానికొకటి తగులుకోవడమే చిక్కు.

నూనె సంగతి. తల కడిగే ముందు నూనె పెట్టడం మన పెద్దవాళ్ళ అలవాటే, దాన్ని వదలక్కర్లేదు. కొబ్బరినూనెలో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి దిగుద్ది, 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడూ పోల్చి చూస్తే వెంట్రుకలోంచి ప్రొటీన్ పోకుండా కాపాడింది కొబ్బరినూనె ఒక్కటే. ఆ పరిశోధన చేసింది కొబ్బరినూనె అమ్మే కంపెనీ వాళ్ళే అనుకోండి, అదీ తెలిసుండటం మంచిది, అయినా లెక్క నమ్మదగ్గదే. నూనె మాడుకి కొంచెం, కొసలకి ఎక్కువ, గంట ముందు పెడితే చాలు. ఆముదం మాత్రం దట్టంగా పట్టించకండి, బాగా జిగురు, ఉంగరాల జుట్టులో అది ఒకసారి ముద్ద కట్టిందంటే కత్తెర తప్ప దారిలేని కేసులు వైద్య పత్రికల్లో కూడా రాశారు. కావాలంటే కొబ్బరినూనెలో నాలుగు చుక్కలు కలుపుకోండి.

ఇప్పుడు అసలు పని, చిక్కు తియ్యడం. దీనికి టైమ్ పట్టుద్ది, హడావిడి ఉన్న రోజు తలస్నానం పెట్టుకోకండి. తిన్నటి జుట్టువాళ్ళకి తల కాస్త ఆరాక దువ్వుకోమని చెప్తారు, ఎందుకంటే తడి వెంట్రుక బలహీనంగా ఉండి సాగి తెగుద్ది. మనకి మాత్రం తడి మీదే, అదీ కండిషనర్ ఉన్నప్పుడే తియ్యాలి, పొడి మీద దువ్వితే తెగేది ఇంకా ఎక్కువ, పైగా ఉన్న ఉంగరాలన్నీ విడిపోయి పిచ్చుక గూడు అవుద్ది.

బ్రాడీపేటలో మా అక్క కూతురు ఉంది, నడుం దాకా జుట్టు, ఏ పాయ చూసినా స్ప్రింగే. ఆదివారం పూట దాన్ని పీట మీద కూర్చోబెడితే ముందు చెయ్యి వెళ్ళేది మెడ వెనక్కే, స్కూల్ యూనిఫాం కాలర్ రాసుకునే చోట, అక్కడ గోళీకాయంత ఉండ కట్టి ఉంటది ఎప్పుడూ. దువ్వెన పక్కన పెట్టేసి ఆ ఉండని వేళ్ళ మధ్య పట్టుకుని కండిషనర్ రాసి, కిందనుంచి ఒక్కొక్క వెంట్రుకా పక్కకి లాగుతూ ఉంటే అది వదులవుతా వస్తది. "పిన్నీ, ఇంకా ఎంతసేపు" అని గోల. టప్ మని సన్నటి చప్పుడు వినపడిందంటే వెంట్రుక తెగిందని, అక్కడ ఆగి ఇంకొంచెం నీళ్ళు, ఇంకొంచెం కండిషనర్ వేసి మళ్ళీ మొదలెట్టాలి. జుట్టంతా నాలుగు పాయలు చేసి మూడింటికి క్లిప్పులు పెట్టేసి ఒక్కోటి తీసుకోండి. ముందు కొసలు, తర్వాత మధ్య, ఆఖర్న కుదుళ్ళు, ఈ వరస తప్పితే పైన ఉన్న చిక్కులన్నీ కిందికి దిగి ఒకేచోట గట్టిపడతాయి. వేళ్ళతో అయ్యాక పెద్ద పళ్ళ దువ్వెన ఒకసారి, అంతే. ఈరుదువ్వెన ఈ ఇంట్లో పేలకి తప్ప దేనికీ బయటికి రాకూడదు.

ఊడిన జుట్టు చేతినిండా వస్తే భయపడతారు చాలామంది. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే, తిన్నటి జుట్టులో అవి ఎప్పటికప్పుడు కింద పడిపోతాయి, మన ఉంగరాల్లో ఇరుక్కుని వారం తర్వాత తలస్నానం రోజు అన్నీ ఒకేసారి చేతికొస్తాయి. ఒక వెంట్రుక తీసి వెలుతురులో పట్టుకోండి, ఒక కొసకి తెల్లగా చిన్న గింజలాంటిది ఉంటే అది దానంతట అదే రాలింది. రెండు కొసలూ ఒట్టిగా ఉంటే తెగింది, అలాంటివి ఎక్కువుంటే మీ చిక్కు తీసే చెయ్యి మోటుగా ఉందని.

షాంపూకి వద్దాం. చెంచాడు షాంపూ ఒక మగ్గులో వేసి నీళ్ళు కలిపి పల్చన చేసుకోండి, వేళ్ళ చివర్లతో మాడు మీదే, గోళ్ళు తగలకుండా, చెవుల పైన, నడినెత్తి, మెడ వెనక. పొడుగు జుట్టుని అసలు ముట్టుకోకండి, పోసిన నీళ్ళతో నురగ కిందికి దిగేటప్పుడు దాని మురికి అదే పోద్ది. సోడియం లారిల్ సల్ఫేట్ అనే ఘాటు నురగ మందు ముందు వరసలో ఉన్న సీసా ఎండు జుట్టుకి వద్దని పోయిన పాఠంలో చెప్పా, కోకమిడోప్రొపైల్ బీటైన్ లాంటివి నెమ్మది రకం.

కుంకుడుకాయల సంగతి అందరూ అడుగుతారు. వాడొచ్చు, సబ్బులాగా బోరు నీళ్ళలో తెట్టు కట్టదు. కానీ కుంకుడు రసం చిక్కగా పోసుకుంటే మన జుట్టు ఎండి కరకరలాడుద్ది, పెద్దలు ముందు నూనె పెట్టి ఆ తర్వాత కుంకుడు పోసింది ఆ లెక్క మీదే, నూనె మానేసి కుంకుడు ఒక్కటీ పట్టుకుంటే సగమే చేసినట్టు. వన్ టౌన్ కొట్లల్లో తెచ్చిన ఎండు కాయలు ఎనిమిదో పదో కొట్టి గింజ తీసి రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి, పల్చటి పంచె గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. ఈ వడకట్టడం దగ్గర బద్ధకిస్తే తొక్కల ముక్కలు ఉంగరాల్లో ఇరుక్కుని రెండు రోజులదాకా రాలుతూనే ఉంటాయి. నాలుగు మందారాకులు కూడా పిసికి కలిపితే జిగురొచ్చి చెయ్యి సులువుగా జారుద్ది. కళ్ళల్లో పడితే ఏమవుద్దో మీకు చిన్నప్పుడే తెలుసు.

చిక్కు తియ్యడానికి వాడిన కండిషనర్ షాంపూతో సగం పోద్ది కాబట్టి మళ్ళీ పెట్టాలి, ఈసారి ఉదారంగా, భుజాలదాకా జుట్టుంటే రెండు పెద్ద చెంచాలు. షాంపూ తర్వాత వెంట్రుక మీద, అందులో దెబ్బతిన్న చోట్ల, ఋణావేశం ఎక్కువ ఉంటది, కండిషనర్లో ఉండే సెట్రిమోనియం క్లోరైడ్, బెహెన్ట్రిమోనియం క్లోరైడ్ లాంటివి ధనావేశంతో వచ్చి అక్కడ అతుక్కుంటాయి, పొలుసులు పడుకుంటాయి. అయితే చాలామంది కండిషనర్ రాస్తారు గానీ నీళ్ళు కలపరు. తల కిందికి వంచి, జుట్టు మొత్తం దోసిట్లో పట్టుకుని, మగ్గుతో కాసిన్ని నీళ్ళు పోసి కొసల నుంచి కుదుళ్ళ వైపుకి నొక్కండి. చప్ చప్ మని తడి చప్పుడు రావాలి. రాకపోతే నీళ్ళు చాల్లేదు, ఇంకో అరమగ్గు. నొక్కేకొద్దీ విడివిడిగా ఉన్న వెంట్రుకలు పాయలు పాయలుగా కలుసుకుని నాచులాగా జారుతుంటాయి, అక్కడ ఆపొచ్చు. మూడు నిమిషాలు ఉంచి గోరువెచ్చటి నీళ్ళతో కడగండి, మరీ శుభ్రంగా కడగకండి, కాస్త జారుడు మిగలాలి. చివర్లో చన్నీళ్ళు పోస్తే పొలుసులు మూసుకుంటాయంటారు గానీ ఆ పని చేసేది కండిషనరూ, కాస్త పులుపూ. ఎండాకాలంలో హాయిగా ఉంటదంటే పోసుకోండి.

వారానికి ఎన్నిసార్లు? ఎండు ఉంగరాల జుట్టుకి వారానికొకసారి షాంపూ చాలు అని అంతటా రాస్తారు. అది రాసినవాళ్ళు మే నెలలో బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ మీద హెల్మెట్ పెట్టుకుని ఆగి చూడలేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండకి మాడంతా చెమట ఉప్పు, దుమ్ము. అలాంటప్పుడు వారం మధ్యలో ఒకసారి షాంపూ లేకుండా ఒట్టి నీళ్ళు, కండిషనర్ పెట్టి మాడు వేళ్ళతో రుద్దుకుని కడుక్కోండి, మరీ జిడ్డనిపిస్తే రెండో షాంపూ కూడా తప్పు లేదు. చలికాలం వారానికొకసారి సరిపోద్ది. జుట్టు పొట్టిగా ఉన్న మగపిల్లలు పాఠంలో చిక్కు భాగం వదిలేసి మిగతాదంతా చెయ్యొచ్చు, జీరో మెషిన్ పెట్టించుకోవడం ఒక్కటే దారి అనుకోకండి.

చుండ్రు ఉన్నవాళ్ళు మాత్రం మాడుకి నూనె ఆపండి. పొడిబారి పొట్టు రాలుతోందనుకుని ఇంకా నూనె పోస్తారు మన ఆంటీలు, చుండ్రులో పాత్ర ఉన్న మలసీజియా అనే ఫంగస్ ఆ కొవ్వు తినే బతుకుద్ది. కీటోకొనజోల్ అనే ఫంగస్ మందు ఉన్న షాంపూ మాడుకి పెట్టి ఐదు నిమిషాలు ఉంచి కడగాలి, కొసలకి ముందే కండిషనర్ రాసుకుంటే అవి ఎండవు. నెలైనా తగ్గకపోయినా, ఎర్రగా పుండ్లు పడినా స్కిన్ డాక్టర్ దగ్గరికే వెళ్ళండి.

ఇంటిపని: ఈ ఆదివారం ఒకసారి ఇదే వరసలో చేసి మూడు సంగతులు ఫోన్లో రాసి పెట్టుకోండి, హీటర్ రాడ్డు మీద పెచ్చు ఉందా లేదా, ఊడిన వెంట్రుకల్లో గింజ ఉన్నవి ఎక్కువా తెగినవి ఎక్కువా, చప్ చప్ చప్పుడు రావడానికి ఎన్ని మగ్గులు పట్టింది. టవల్‌తో తల తుడవకండి, పాత కాటన్ టీషర్ట్‌తో ఒత్తి వదిలెయ్యండి, ఎందుకో వచ్చే పాఠంలో. దానికి అవిసె గింజలు వంద గ్రాములు తెచ్చి పెట్టుకోండి, జెల్ ఇంట్లోనే కాస్తాం.