మల్చింగ్ చేశాక మొక్క డీలాపడితే: లక్షణం, కారణం, పరిష్కారం

పెరట్లోనైనా మిద్దెతోటలోనైనా మట్టిపై ఎండుటాకులో వరిగడ్డో కప్పుగా పరిచాక (దీన్నే మల్చింగ్ అంటారు) మొక్క డీలాపడితే, చాలామంది వెంటనే ఆ కప్పునంతా ఎత్తి పారేస్తారు. అంత తొందర అవసరం లేదు. ఏ భాగంలో ఏ మార్పు వచ్చిందో చూస్తే కారణం తెలుస్తుంది.

కింది ఆకులు పసుపుబారడం

రంపపు పొట్టు గానీ ఎండుగడ్డి గానీ మట్టిలో కలిసిపోయినప్పుడు ఈ లక్షణం ఎక్కువగా కనిపిస్తుంది. వీటిలో కర్బనం చాలా ఎక్కువ, నత్రజని చాలా తక్కువ కాబట్టి, వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని మట్టి నుంచే తీసుకుంటాయి. అప్పుడు మొక్క తన ముదురు ఆకుల్లోని నత్రజనిని లేత చిగుళ్లకు తరలించుకుంటుంది. అందుకే ముందుగా కింది ఆకులే పాలిపోతాయి. అలాకాకుండా ఈనెలు పచ్చగానే ఉండి లేత ఆకులు పసుపుబారితే అది చాలావరకు ఇనుము లోపం, దాన్ని విడిగా సరిచేయాలి. పొట్టును ఎప్పుడూ మట్టిలో కలపకుండా పైనే పరచాలి. ఇప్పటికే కలిసిపోయి ఉంటే, వేరుశనగ చెక్కను నానబెట్టి బాగా పలుచన చేసిన నీళ్లను కొన్ని వారాల పాటు పోస్తూ, బాగా చివికిన పశువుల ఎరువు వేయాలి.

కాండం మొదలు మెత్తబడడం

టమాటా, వంగ, మిరప మొక్కలకు వానాకాలంలో ఇది ప్రాణాంతకం. తడిసిన కప్పు కాండానికి ఆనుకుని ఉంటే అక్కడ గాలి ఆడక శిలీంధ్రాలు చేరతాయి. కాండం చుట్టూ 2 నుంచి 3 అంగుళాలు ఖాళీ వదలండి. అంటుమొక్కలకైతే అంటు కట్టిన చోటును ఎట్టి పరిస్థితుల్లోనూ కప్పవద్దు. కుళ్లు కాండాన్ని చుట్టేస్తే ఆ మొక్క కోలుకోదు, పీకేయడమే మేలు.

నీళ్లు పోస్తున్నా వాడిపోవడం

కప్పును పక్కకు తీసి మట్టిలో వేలు గుచ్చి చూడండి. బాదం, టేకు వంటి వెడల్పాటి ఆకులు పెంకుల్లా ఒకదానిపై ఒకటి పేరుకుంటే నీళ్లు పక్కలకు జారిపోయి కింది మట్టి పొడిగానే ఉండిపోతుంది. ఆకులను నలిపి, ముందుగా మట్టిని బాగా తడిపి, ఆ తర్వాతే 2 నుంచి 3 అంగుళాల మందాన పరచాలి.

చెదలు

గడ్డి పుల్లలపై మట్టి పూత కనిపిస్తే కప్పును తిరగేసి, ఆ పూతను చెరిపేసి, వేపపిండి చల్లి, తర్వాత పలుచగానే పరచండి. ఇంటి గోడలకు, ద్వారబంధాలకు ఆనించి మాత్రం గడ్డి, చెక్క ముక్కలు వేయకండి.

పుట్టగొడుగులు

కప్పుపై మొలిచే ఇవి సాధారణంగా మొక్కకు హాని చేయవు, కుళ్లుడు సవ్యంగా సాగుతోందనడానికి గుర్తు మాత్రమే. పిల్లలు నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది కాబట్టి ఏరి పారేయండి.