ఉమ్మిలో కార్టిసాల్ కొలిచే సెన్సర్: చిన్న కాలేజీ ల్యాబులో ఎలా చెయ్యాలి

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఎమ్మెస్సీ చేసే మన పిల్లలు టెన్షన్ కొలిచే సెన్సర్ ప్రాజెక్టు మొదలుపెడితే నాకు చాలా సంతోషం. కాకపోతే శ్రద్ధంతా ఎలక్ట్రోడ్ మీదే పెడతారు, ఉమ్మి ఎప్పుడు తీశారు, ఎలా తీశారు అన్నది ఎవరూ రాసుకోరు. అంకె చెడేది ఎక్కువగా అక్కడే.

కార్టిసాల్ మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథుల్లో తయారయ్యే స్టెరాయిడ్ హార్మోన్, టెన్షన్ పడితే పెరుగుతుంది. గ్లూకోజ్ స్ట్రిప్‌లో లాగా ఎంజైమ్‌తో తేలిగ్గా కరెంటు ఇవ్వదు కాబట్టి, బంగారు ఎలక్ట్రోడ్ మీద దాన్ని పట్టుకునే యాంటీబాడీని అంటించి, పైన ఫెర్రీసైనైడ్, ఫెర్రోసైనైడ్ ద్రావణం వేస్తాం. కార్టిసాల్ వచ్చి అతుక్కునే కొద్దీ ఆ ద్రావణానికి, బంగారానికి మధ్య ఎలక్ట్రాన్లు నడవడం కష్టమై నిరోధం పెరుగుతుంది. మనం కొలిచేది ఆ పెరుగుదలనే.

స్క్రీన్ ప్రింటెడ్ బంగారు ఎలక్ట్రోడ్ కొనుక్కోండి. దాన్ని మెర్కాప్టోప్రొపియోనిక్ ఆమ్లంలో రాత్రంతా ఉంచి (బంగారం మీద పలచటి పొర కడుతుంది), ఆ పొరకి యాంటీబాడీని అతికించే రసాయనాలు ఈడీసీ, ఎన్‌హెచ్‌ఎస్ వేసి, తర్వాత యాంటీబాడీ వెయ్యాలి. చివర్లో బీఎస్ఏ అనే ప్రొటీన్‌తో ఖాళీలు కప్పడం మాత్రం మానకండి, లేకపోతే ఉమ్మిలోని ప్రొటీన్లు అక్కడ చేరి అవీ కార్టిసాల్ లాగే కనిపిస్తాయి. ప్రతి మెట్టు తర్వాత పీహెచ్ 7.4 బఫర్‌తో, అంటే పీహెచ్ మారనివ్వని ద్రావణంతో, కడగాలి. ఆ నిరోధాన్ని చూపే ఇంపీడెన్స్ కొలత 10 మిల్లీవోల్టుల ఏసీతో, 100 కిలోహెర్ట్జ్ నుంచి 0.1 హెర్ట్జ్ దాకా తీస్తే సరిపోతుంది. వాడేసిన ఫెర్రోసైనైడ్‌ని ఆమ్లాల వ్యర్థాల్లో కలపొద్దు, విషవాయువు వస్తుంది.

ఎండాకాలంలో కరెంటు పోతే యాంటీబాడీ ఉన్న ఫ్రిజ్ తలుపు తియ్యకండి. యాంటీబాడీ తెచ్చిన రోజే చిన్న గొట్టాల్లోకి పంచి పెట్టుకుంటే ఒకే సీసాని మాటిమాటికీ బయటికి తీసి పాడుచేసే బాధ ఉండదు.

సెన్సర్‌ని సరిచూసుకోవడానికి ముందు తెలిసిన మోతాదుల్లో కార్టిసాల్ కలుపుకోవాలి, కానీ అది నీళ్లలో సరిగ్గా కరగదు. ఇథనాల్‌లో కరిగించి బఫర్‌తో పలచన చెయ్యండి, మిల్లీలీటరుకి 0.1 నుంచి 100 నానోగ్రాముల దాకా. కార్టిసాల్ లేని నమూనాలో కూడా అంతే ఇథనాల్ ఉండాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

ఇక ఉమ్మి. నిద్ర లేచిన 30 నుంచి 45 నిమిషాలకి కార్టిసాల్ బాగా పెరుగుతుంది, అర్ధరాత్రి దగ్గర అన్నిటికంటే తక్కువ, అందుకని టైమ్ రాయని నమూనా పారెయ్యాల్సిందే. మన వైపు పొద్దున్నే గుడాకుతో చిగుళ్లు రుద్దుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అందులోది పొగాకు, నికోటిన్‌కి కార్టిసాల్ పెరుగుతుంది, పైగా చిగురు చిట్లి రక్తం కలిస్తే అంకె ఇంకా పైకి పోతుంది, రక్తంలో కార్టిసాల్ ఉమ్మిలో కంటే చాలా ఎక్కువ కదా. పెరుగేసిన పఖాళ (నీళ్లలో నానబెట్టిన అన్నం) తిన్న నోరైతే పులుపుకి ఉమ్మి పీహెచ్ పడిపోయి యాంటీబాడీ సరిగ్గా పట్టదు. తిని గంటైనా అయ్యాక, నోరు పుక్కిలించి, పది నిమిషాలాగి, ఉమ్మిని గొట్టంలోకి దానంతట అదే కారనివ్వండి, దూది పెట్టొద్దు. సెంట్రిఫ్యూజ్ చేసి పైన తేరిన ద్రవమే వాడండి. ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్లని పక్కన పెట్టండి, యాంటీబాడీ దాన్నీ కార్టిసాల్ అనుకోవచ్చు.

ఒక్క రీడింగ్ చూసి ఎవరికీ “నీకు టెన్షన్ ఎక్కువ” అని చెప్పకండి దయచేసి, జ్వరానికీ, పరుగుకీ కూడా అది పెరుగుతుంది. అదే మనిషి దగ్గర అవే వేళల్లో, పరీక్షల ముందూ తర్వాతా తీసి, అదే ఉమ్మిలో కొంత ఎలైజా అనే ల్యాబు పరీక్షకి పంపించి పోల్చుకోండి.