పాత రైఫిల్‌కి పీప్ సైట్ – 4వ పాఠం: ముందు బ్లేడు మీద ఆకురాయి పెట్టకండి

పోయిన పాఠంలో వెనక పీప్ (కన్ను పెట్టి చూసే చిన్న రంధ్రం ఉన్న సైట్) బిగించాం. ఆ తర్వాత చెన్నై నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే గోల: పీప్‌ని పూర్తిగా కిందికి దించినా తూటాలు టార్గెట్ పైనే పడుతున్నాయట. కొందరైతే ముందు బ్లేడును (గొట్టం మూతి దగ్గర నిలబడే గురి పలకను) అరగదీసి, ఇంకా పైకి పోతున్నాయని రాశారు. అందుకే ఐరిస్ (పీప్ రంధ్రం సైజు మార్చే భాగం) సర్దుబాటు వచ్చేసారికి వాయిదా వేస్తున్నాను.

మన దగ్గర .303 (సైన్యం లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటా కొలత) పౌరులకు ఇవ్వరు కాబట్టి మీలో ఎక్కువమంది చేతిలో ఉన్నది ఇషాపూర్ .315. దాని యాక్షన్ (తూటా ఎక్కించి పేల్చే యంత్రభాగం) కూడా లీ ఎన్‌ఫీల్డ్‌దే. అసలు వెనక సైట్ గొట్టం మీద ఉంటుంది. మనం పీప్‌ని రిసీవర్ (గొట్టం వెనక బోల్ట్ ఉండే భాగం) మీదికి, కంటి దగ్గరికి తెచ్చాం. ముందు బ్లేడు కొన నుంచి పాత సైట్ గాడి మీదుగా వెనక్కి సాగే గీత కన్నా రంధ్రం ఎత్తులో కూర్చుంటే తూటా పైకి పోక తప్పదు.

ఇప్పుడు అసలు చిక్కు. వెనక సైట్‌ని ఎటు జరిపితే తూటా అటే పోతుంది. ముందు సైట్‌కి ఇది తిరగబడుతుంది. బ్లేడు పొట్టిదైతే, దాని కొనను రంధ్రం నడిమికి తేవడానికి మీరు గొట్టం మూతిని పైకెత్తాలి. మూతి లేస్తే తూటా లేస్తుంది. కాబట్టి పైన పడుతుంటే కావలసింది పొడవైన బ్లేడు. అరగదీసిన లోహం తిరిగి రాదు, దయచేసి ఆకురాయి ముట్టుకోకండి. సైన్యంలో .303 కోసం 0.015 అంగుళం తేడాతో రకరకాల ఎత్తుల బ్లేడ్లు ఉండేవి. కావలసింది ఎంచుకుని మార్చేవారు.

ఎంత పొడవు కావాలి? తూటా తప్పిన దూరాన్ని రెండు సైట్ల మధ్య దూరంతో గుణించి, టార్గెట్ దూరంతో భాగించండి. 50 మీటర్ల దగ్గర 10 సెం.మీ. పైన పడింది, సైట్ల మధ్య 75 సెం.మీ. ఉందనుకుందాం. 10 × 75 ÷ 5000 = 0.15 సెం.మీ., అంటే ఒకటిన్నర మి.మీ. ఆ సైన్యం బ్లేడ్ల లెక్కలో, 0.015 అంగుళం చొప్పున, దాదాపు నాలుగు మెట్లు. మీ రైఫిల్‌లో సైట్ల మధ్య దూరం టేపుతో మీరే కొలవండి. ఎడమకు పడితే పీప్‌ని కుడికి, అంతే. బ్లేడు మార్పించే పని లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్‌కే ఇవ్వండి.

ఇంకో మాట. చెన్నైలో ఈశాన్య రుతుపవనాల రోజుల్లో గొట్టం కింద ఉండే ముందు కట్టె తేమకి ఉబ్బి గొట్టాన్ని నొక్కుతుంది, గురి మారుతుంది. అక్టోబరులో చూసిన గురిని నమ్ముకుని బ్లేడు కొనకండి. నేనైతే జనవరి దాకా ఆగుతాను.

సాధన: రేంజ్‌లో, రేంజ్ ఆఫీసర్ ఎదుట, ఐదేసి తూటాల మూడు గ్రూపులు కాల్చండి. గ్రూపుకీ గ్రూపుకీ మధ్య రైఫిల్ ఖాళీ అని చూసుకుని, పీప్‌ని విప్పి మళ్లీ బిగించండి. మూడింటి కేంద్రాలను స్కేలుతో కొలిచి రాసిపెట్టుకోండి. గ్రూపులు చిన్నగానే ఉండి కేంద్రాలు మాత్రం దూరందూరంగా పడితే, మొదట పీప్ బేస్ స్క్రూలు సరిచేయండి. ఆ తర్వాతే బ్లేడు లెక్క.