జముకుకు కాంటాక్ట్ మైకు, ఎకో అమర్చడం ఎలా?

జముకులో చాలా చర్మవాద్యాలకు లేని గుణం ఒకటుంది. డొల్లకు ఒకవైపు చర్మం, చర్మం నడుమ నుంచి తీగ, తీగ చివర చేతిపిడి. పిడిని బిగించి వదులుతుంటే స్వరం జారుతుంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో జముకుల కథ విన్నవారి చెవిలో నిలిచిపోయేది ఆ జారుడే. ఎదురుగా మామూలు మైకు పెడితే పక్క వాద్యాలు, జనం సందడి కూడా అందులో పడి జారుడు మునిగిపోతుంది. అందుకే గాలిలోని శబ్దాన్ని వదిలేసి, వాద్యం ఒంట్లోని కంపనాన్నే పట్టే కాంటాక్ట్ మైకు వాడాలి. బ్రిటన్ ప్రయోగ సంగీతకారుడు హ్యూ డేవీస్ 1968లో ఒక విజ్ఞాన సర్వస్వం అట్టల మధ్య స్ప్రింగులు, రంపపు బ్లేళ్లు అమర్చి, ఇలాంటి మైకులతోనే ‘షోజిగ్’ అనే వాద్యం చేశాడు. జముకుకు ఆ పద్ధతి ఇంకా బాగా నప్పుతుంది. ఒక్క షరతు: వాద్యానికి చిల్లు పెట్టకూడదు, అమర్చినదంతా తిరిగి ఊడి రావాలి.

కావలసినవి: వైర్లు అతికించి ఉన్న 20 లేదా 27 మి.మీ. పిజో బిళ్ళలు రెండు (కంపనాన్ని కరెంటుగా మార్చే ఈ బిళ్ళే మన కాంటాక్ట్ మైకు; రెండుంటే ఒకటి పగిలినా పని ఆగదు), టీఎల్072 ఐసీ (రెండు ఆంప్లిఫయర్లు ఉన్న చిప్), 8 కాళ్ల సాకెట్, రెసిస్టర్లు (100కె మూడు, 2.2 మెగ్ ఒకటి, 10కె ఒకటి; కె అంటే కిలో ఓమ్, మెగ్ అంటే మెగా ఓమ్), కెపాసిటర్లు (100 నానోఫారడ్ ఒకటి, 10 మైక్రోఫారడ్ రెండు), 9 ఓల్టుల బ్యాటరీ, షీల్డ్ వైరు, జాక్, కొంచెం తేనెమైనం.

బిళ్ళను నేరుగా ఆంప్లిఫయర్‌కు తగిలిస్తే రేకుడబ్బా కొట్టినట్టు వినిపిస్తుంది. చాలామంది ఇక్కడే బిళ్ళ పాడైందనుకొని పారేస్తారు. తప్పు బిళ్ళది కాదు. అది దాదాపు 20 నానోఫారడ్ల కెపాసిటర్ లాంటిది. 10 కిలో ఓమ్‌ల ఇన్‌పుట్‌కు కలిపితే 800 హెర్ట్జ్ కింది నాదమంతా పలచబడుతుంది, జముకు బరువంతా ఉండేది అక్కడే. అదే 2.2 మెగా ఓమ్‌లు చూపిస్తే ఆ హద్దు 5 హెర్ట్జ్ దరిదాపులకు దిగుతుంది. మధ్యలో బఫర్ (బిళ్ళ నాదాన్ని పలచబడకుండా ముందుకు పంపే చిన్న సర్క్యూట్) పెట్టేది ఇందుకే.

బఫర్ ఇలా కట్టండి. ఐసీ 8వ కాలికి బ్యాటరీ ప్లస్, 4వ కాలికి మైనస్. ప్లస్ నుంచి ఒక 100కె, మైనస్ నుంచి ఒక 100కె తెచ్చి కలపండి. ఆ కలిసిన చోట 4.5 ఓల్టులు వస్తాయి. అక్కడి నుంచి మైనస్‌కు 10 మైక్రోఫారడ్, 3వ కాలికి 2.2 మెగ్ వేయండి. బిళ్ళ తెల్లభాగం వైరును 100 నానోఫారడ్, 10కె గుండా 3వ కాలికే తెండి. గట్టి దెబ్బ పడితే బిళ్ళ పదుల ఓల్టులు పుట్టించగలదు, ఐసీని కాపాడేది ఆ 10కె. ఇత్తడి వైరు మైనస్‌కు. 2, 1 కాళ్లను కలిపేయండి. 1వ కాలి నుంచి రెండో 10 మైక్రోఫారడ్ గుండా జాక్‌కు (ప్లస్ కొన ఐసీ వైపు), జాక్ దగ్గర మైనస్‌కు మూడో 100కె. ఐసీలో వాడని రెండో ఆంప్లిఫయర్‌ను అలా వదలకండి: 5వ కాలు 4.5 ఓల్టుల చోటుకు, 6, 7 కాళ్లు ఒకదానికొకటి.

మీటరుతో 1వ కాలిని చూస్తే 4.5 దరిదాపుల్లో ఉండాలి. 3వ కాలి దగ్గర కొలవకండి, మీటరే ఓల్టేజీని దించేస్తుంది. బ్యాటరీ 7 ఓల్టులకు దిగితే మార్చేయండి.

బిళ్ళ ఎక్కడ అంటించాలన్నదే అసలు పని, దీనికి ఒక సాయంత్రం కేటాయించండి. చర్మం నడుమ అంటిస్తే బరువుకు నాదం మొద్దుబారుతుంది. డొల్ల మీద అంటిస్తే చంకలో బట్ట రాసుకున్న గరగర ముందు వినిపిస్తుంది. అంచు నుంచి రెండు సెంటీమీటర్ల లోపల, చర్మం మీద మొదలుపెట్టి, అర సెంటీమీటరు చొప్పున జరుపుతూ వినండి. ఇత్తడి వైపు చర్మానికి ఆనాలి, మధ్యలో మైనం పలచటి పొరే ఉండాలి. స్పాంజి టేపు వాడితే మీటు స్పష్టత పోతుంది. చెయ్యి తగిలినప్పుడల్లా గుయ్‌మంటే షీల్డ్ లేదని అర్థం. తెల్లభాగం మీద ఇన్సులేషన్ టేపు, దానిపై రాగి రేకు వేసి, రేకును మైనస్‌కు కలపండి.

ఇక ఎకో. పీటీ2399 చిప్‌తో రెడీమేడ్ బోర్డులు దొరుకుతాయి. చిప్‌కు 5 ఓల్టులే ఇవ్వాలి. బోర్డు మీద రెగ్యులేటర్ లేకపోతే 5 ఓల్టుల రెగ్యులేటర్ 78ఎల్05 కలపండి. ఆలస్యాన్ని నిర్ణయించేది 6వ కాలి నుంచి గ్రౌండ్‌కు ఉన్న రెసిస్టెన్స్. అక్కడి నాబ్ తీసి, 2.2కె తర్వాత, వెలుతురు తగ్గేకొద్దీ రెసిస్టెన్స్ పెరిగే ఎల్‌డీఆర్‌ను, దానికి సమాంతరంగా 22కెను పెడితే, చేతి నీడ పడేకొద్దీ ఎకో సుమారు 50 నుంచి 300 మిల్లీసెకన్ల దాకా సాగుతుంది. తీగ జారుడుకు ఎకో జారుడు తోడవుతుంది, వినితీరాలి! ఆ 2.2కెను మానేయకండి, విలువ మరీ తగ్గితే ఆన్ చేసినప్పుడు చిప్ బిగుసుకుపోతుంది.

స్పీకర్ కూత పెడితే వాల్యూమ్ కంటే ముందు నిలబడే చోటు మార్చండి: స్పీకర్ల వెనక్కి, చర్మం వాటికి ఎదురు కాకుండా. వానాకాలంలో తేమకు చర్మం వదులై స్వరం దిగితే బిళ్ళ తీసేశాకే సెగ చూపండి. లేకపోతే మైనం కరిగి బిళ్ళ రాలిపోతుంది.